మొహమాటం లేదని ధ్రువీకరించడమైనది

మా శాఖ ఎలా పుట్టిందో చెప్పకపోతే మిగతాదేదీ మీరు నమ్మరు. చెప్పినా నమ్మకపోవచ్చు గానీ, ఆ తప్పు నాది కాదు.

మురుగు కాలవల మీద అధ్యయనానికని మన అధికారుల బృందం ఒకటి ఒకానొక చలిదేశం వెళ్ళింది. దిగిన రోజు మధ్యాహ్నమే ఆ ఊరి మేయరమ్మ వాళ్ళని ఇంటికి పిలిచింది. బల్ల మీద రొట్టెలు, కాల్చిన చేప, వెన్న, ఏవో పళ్ళు పెట్టి చేసిన కేకు. ఆవిడ నవ్వుతూ "తింటారా?" అని అడిగింది. మనవాళ్ళంతా ఒక్క గొంతుతో "అబ్బే, ఎందుకండీ, ఇప్పుడే తిన్నాం" అన్నారు. నిజానికి విమానంలో పెట్టింది మింగుడుపడక, ముందు రోజు నుంచీ కడుపు మాడ్చుకుని ఉన్నారు పాపం. అయినా మొదటిసారి వద్దనాలి. రెండోసారి ఆవిడ బతిమాలితే "మీరంతగా అంటుంటే కొంచెం" అనాలి. మూడోసారి వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి, ఆ వేళ్ళ సందుల్లోంచి వేయించుకోవాలి. మనకిది పుట్టుకతో తెలిసిన వ్యవహారం. ఆవిడకి తెలీదు. "సరే" అని చేప తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టేసింది. ఆ ఫ్రిజ్ తలుపు మూసుకున్న చప్పుడు ఇప్పటికీ తనకి కలలో వినిపిస్తుందని బృంద నాయకుడు తన నివేదికలో రాశారు.

ఆ పర్యటనంతా అదే వరస. వెళ్ళిన ప్రతిచోటా వాళ్ళు అడిగారు, వీళ్ళు వద్దన్నారు, వాళ్ళు నమ్మారు. పోనీ కొట్టుకెళ్ళి ఏదైనా కొనుక్కుందామని ఎవరికి వారికి లోపల ఉన్నా, పక్కవాడి ముందు ఆకలేస్తోందని ముందుగా ఎవరంటారు? ఒకాయన పెట్టెలో ఆవకాయ సీసా ఉండబట్టి ప్రాణాలు నిలిచాయి. తిరుగు ప్రయాణంలో విమానం అమ్మాయి బండి తోసుకొచ్చి భోజనం కావాలా అని అడిగితే, అలవాటు కొద్దీ "వద్దమ్మా" అన్నారు. దిగేటప్పటికి ఇద్దరిని చక్రాల కుర్చీల్లో తీసుకురావలసి వచ్చింది.

నివేదికలో మురుగు కాలవల గురించి ఒక్క ముక్క లేదు. మొహమాటం గురించి మాత్రం అధ్యాయాలకు అధ్యాయాలున్నాయి. ప్రభుత్వం వెంటనే ఉత్తర్వు జారీ చేసింది. "విదేశములకు ఉద్యోగార్థమై వెళ్ళు ప్రతి వ్యక్తియు, సదరు దేశమందు మర్యాదా దోషములకు పాల్పడకుండుటకై, మొహమాటరహిత ధ్రువపత్రమును విధిగా పొందవలెను. సదరు పత్రము లేనివారిని విమానాశ్రయమందు నిలుపుదల చేయవలెను." ఆ పత్రం ఇవ్వడానికి ఒక శాఖ కావాలి కదా. అలా కాకినాడలో మొహమాట నిర్మూలన సంచాలకాలయం వెలిసింది.

నన్ను మత్స్యశాఖ నుంచి అక్కడికి డిప్యుటేషన్ మీద వేశారు. హోదా మర్యాద బోధకుడు, రెండో గ్రేడు. నా జీవితంలో నేను దాటిన సరిహద్దు యానాం ఒక్కటే. డిప్యుటేషన్ ఇష్టమేనా అని మా పాత అధికారి మర్యాదకి అడిగారు. ఇష్టం లేదని చెప్పలేకపోయాను. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ శాఖలో ఉన్నవాళ్ళంతా అలా వచ్చినవాళ్ళేనట.

మా డైరెక్టరు చతుర్భుజరావుగారు పెద్దమనిషి. తన సర్వీసు మొత్తంలో ఎవరి ముఖం మీదా కాదన్న మాట అనలేదు. ఎవరేం అడిగినా "చూద్దాం" అంటారు. కాదన్న సంగతి తర్వాత పోస్టులో వస్తుంది. జాయింటు డైరెక్టరు రుక్మాంగదంగారు పండితులు. శాఖ మాన్యువల్ రాసింది ఆయనే. ఆయన మంచినీళ్ళు అడిగినా ప్రభుత్వ ఉత్తర్వు చదువుతున్నట్టే ఉంటుంది.

మాన్యువల్ సారాంశం చిన్నదే. అడిగిన మొదటిసారే కావాలంటే కావాలనాలి, వద్దంటే వద్దనాలి. వద్దన్నవాణ్ణి రెండోసారి అడగకూడదు. 'చూద్దాం' అనేది జవాబు కాదు. వెళ్ళిపోతున్న అతిథిని గుమ్మం దగ్గర నిలబెట్టి అరగంట కబుర్లు చెప్పకూడదు, వెంటనే తలుపు వేసుకోవాలి.

"నేర్పువారు ముందుగా ఆచరించవలెను" అని రుక్మాంగదంగారు సర్క్యులర్ తిప్పారు. ఆ రోజు నుంచి ఆఫీసులో టీ తెచ్చే అప్పలకొండ ఒక్కొక్కరినీ ఒక్కసారే అడగాలి. మొదటి రోజు అప్పలకొండ నా బల్ల దగ్గరకొచ్చి "టీ కావాలా అండి?" అన్నాడు. "ఇప్పుడెందుకులే" అన్నాను. వెళ్ళిపోయాడు. నాకే కాదు, శాఖ మొత్తంలో ఎవరికీ టీ అందలేదు. అంత టీ అప్పలకొండ ఒక్కడే తాగాడు. వారం తిరిగేసరికి అందరికీ తలనొప్పి, అప్పలకొండకి మాత్రం నిద్ర పట్టడం మానేసింది. డైరెక్టరుగారు తన బావమరిది కూతురి పెళ్ళికి "తప్పకుండా వస్తాం" అనడానికి బదులు, నిబంధన ప్రకారం "రావడం లేదు" అని ఉత్తరం రాసి, ఇంట్లో అన్నం పుట్టక నెల్లాళ్ళు హోటల్లో తిన్నారు. అక్కడా సర్వరు రెండోసారి సాంబారు అడిగితే మందలించి పంపేవారట.

అలాంటి రోజుల్లో వచ్చింది కడలి హైమ.

రాజోలు పిల్ల. ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఒక్క నర్సుకి నలభై మంచాలున్న వార్డులో ఎనిమిదేళ్ళు చేసింది. ఆ చలిదేశంలోనే ఒక ముసలివాళ్ళ సంరక్షణాలయంలో ఉద్యోగం వచ్చింది. అక్కడ నలుగురికి ఒక నర్సట. భాష నేర్చుకుంది, పరీక్షలు పాసైంది, వీసా వచ్చింది. ఆగస్టు ఒకటిన చేరాలి, చేరకపోతే ఆ స్థానం ఇంకొకరిది. ఇంతా అయ్యాక మా ధ్రువపత్రం ఒక్కటే మిగిలింది. దానికి నెలకోసారి పరీక్ష, ఒక మనిషికి మూడు అవకాశాలు. అప్పటికి మే నెల.

"నాకు నలుగురు చాలండి" అంది మొదటి రోజు, దరఖాస్తు ఇస్తూ. "ఒక మనిషి దగ్గర కూర్చుని, ఏమ్మా ఎలా ఉందని అడిగి, ఆవిడ చెప్పేదాకా ఆగి వినాలని ఉందండి. నలభై మందిలో అది కుదర్దు కదండి."

"అడగడం ఒక్కసారే అడగాలమ్మా" అన్నాను. నా ఉద్యోగం అది.

తరగతుల్లో మేం నేర్పింది ఎక్కువ లేదు. అందరూ వరసగా నిలబడి "కావాలి" అనీ, "వద్దు" అనీ బిగ్గరగా అరిచేవారు. గల్ఫ్‌కి వెళ్ళే తాపీ మేస్త్రీలు, దుబాయ్ వెళ్ళే డ్రైవర్లు అందరూ "కావాలి" అనడంలో తడబడేవారు. "వద్దు" మాత్రం అద్భుతంగా అనేవారు. ఎటొచ్చీ, అన్నాక మళ్ళీ అడుగుతామేమోనని మా ముఖాల్లోకి చూసేవారు.

మే పరీక్షకి ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించారు. పళ్ళెం బల్ల మీద పెట్టి, రుక్మాంగదంగారు హైమ వైపు తిరిగి, "అభ్యర్థిని పూతరేకును స్వీకరించునా?" అన్నారు.

"అయ్యో, ముందు మీరు తీసుకోండి సార్" అంది హైమ.

అయిపోయింది. డైరెక్టరుగారు బాధగా తల ఆడించారు. "అభ్యర్థిని యందు మొహమాటము తీవ్రస్థాయిలో గలదు. మూలము గృహమందు ఉండవచ్చును. పరిసర శుద్ధి నిమిత్తము బోధకుని పంపవలెను" అని రుక్మాంగదంగారు ఫైలులో రాశారు. ఆ బోధకుణ్ణి నేనే. ఆ పూతరేకులు ఏమయ్యాయంటారా? మాలో మేము ఒకరినొకరు "తీసుకోండి" అని ఒక్కసారి చొప్పున అడిగాం, అందరం వద్దన్నాం, ఆఖరికి చీమలు తిన్నాయి. చీమలకి మొహమాటం లేదు.

హైమ ఉండేది వాళ్ళ పిన్ని మంగతాయారు దగ్గర. మంగతాయారుకి రాజోలు బస్టాండు వెనక కర్రీ పాయింట్ ఉంది. సాయంత్రం అయ్యేసరికి సగం వీధి అక్కడే. పావుకిలో గుత్తివంకాయ అడిగితే తూచి కవర్లో పోసి, ఆ పైన "పిల్లలున్న ఇల్లు" అని ఇంకో గరిటె. అడిగితే "కొసరండి, దానికి లెక్కేంటి" అనేది. నేను అక్కడికి వెళ్ళిన మధ్యాహ్నం, గుమ్మంలో అడుగు పెట్టానో లేదో "అన్నం తిన్నారా బాబూ?" అంది.

ప్రాణం లేచొచ్చింది. పొద్దున్న ఫెర్రీ దగ్గర తిన్న రెండు ఇడ్లీలు తప్ప ఏమీ లేదు. "తినే వచ్చానండి" అన్నాను, నా నోరు నా మాట వినక.

"ఎక్కడ తిన్నారు, ఆ ముఖం చూస్తే తెలీట్లేదా? కూర్చోండి."

ఇక్కడ నేను చాలా కష్టపడ్డాను. "ఏవండీ, మీరు రెండోసారి అడిగారు. ఇది నోటీసు" అని కాగితం ఇచ్చాను.

ఆవిడ కాగితం వైపు, నా పొట్ట వైపు మార్చి మార్చి చూసింది. "అడిగితే నేరమాండి?"

"నేరం కాదండి. దోషం."

"మీకు ఆకలేయట్లేదా మరి?"

"అది మూడోసారి అండి" అని రెండో నోటీసు ఇచ్చాను.

హైమ లోపల నుంచి వచ్చి వాళ్ళ పిన్ని చెయ్యి పట్టుకుంది. "పిన్నీ, వీళ్ళు చెప్పినట్టు చెయ్యి. నేను వెళ్ళాలి."

మంగతాయారు గరిటె పక్కన పెట్టింది. తర్వాత "సరేనే. మా పిల్ల ఎల్లాలి బాబూ, అదొక్కటే నాక్కావాల్సింది. ఏం చెయ్యమంటే అది చేత్తాను" అంది. నాకు సిగ్గేసింది. కానీ నోటీసులు వెనక్కి తీసుకునే నిబంధన మాన్యువల్లో లేదు.

జూన్ నెలంతా నేను రాజోలులోనే లాడ్జిలో ఉండి ఆ వీధిని బాగుచేశాను. కర్రీ పాయింట్ ముందు "కొసరు అడుగరాదు, వేయరాదు" అని బోర్డు పెట్టించాను. దారిన పోయేవాళ్ళని "ఎక్కడికి?" అని అడగకూడదని చెప్పాను. పక్కింటి వాళ్ళు కొత్తావకాయ గిన్నెలో పంపితే, ఖాళీ గిన్నె తిరిగి పంపేటప్పుడు అందులో ఏదో ఒకటి వేసి పంపే అలవాటు మాన్పించాను. దాంతో గిన్నెలు రావడమే మానేశాయి. ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టరుగారు రోజూ మంగతాయారు దగ్గర పావుకిలో కూర తీసుకుని, కొసరు మీద ఆ పూట, మర్నాడు పొద్దున్న కూడా గడుపుకునేవారట. బోర్డు పెట్టిన మర్నాడు ఆయన వచ్చి, తూచిన కవరు చేతిలో పట్టుకుని, కాసేపు అలాగే నిలబడ్డారు. మంగతాయారు తల వంచుకుని పెసరపప్పు కలియబెడుతూ ఉంది. ఆయన "వస్తానమ్మా" అని వెళ్ళిపోయారు. తర్వాత ఇంకో వీధిలో కొనుక్కోవడం మొదలుపెట్టారని విన్నాను.

నాకూ మధ్యాహ్నం పూట అదే గతి. రోజూ హైమ అభ్యాసంలో భాగంగా భోంచేస్తారా అని ఒక్కసారి అడిగేది. రోజూ నేను గబుక్కున వద్దనేవాణ్ణి. "సరే సార్" అని వాళ్ళిద్దరూ తినేవారు. నేర్పేవాడిగా నాకు గర్వంగానే ఉండేది, కాకపోతే బెల్టుకి కొత్తగా ఒక బెజ్జం పెట్టించుకోవలసి వచ్చింది.

జూన్ నెలాఖరు పరీక్షకి హైమ వేరే మనిషై వచ్చింది. రుక్మాంగదంగారు "పూతరేకును స్వీకరించునా?" అనడం పూర్తి కాకముందే "కావాలండి" అని తీసుకుని నమిలింది. ఇంకోటి కావాలా అంటే కావాలంది. మూడోది అడిగితే "వద్దు" అంది, ఆ వద్దు వింటే తలుపు మూసినట్టుంది. నేను నా కుర్చీలో పొంగిపోయాను.

డైరెక్టరుగారు సంతోషించి, ఇంక మర్యాదకి ఏదో ఒకటి అడగాలి కదా అని, "మా శిక్షణ ఎలా ఉందమ్మా?" అన్నారు.

"బాగాలేదండి" అంది హైమ.

డైరెక్టరుగారు కుర్చీలో ముందుకి వంగారు.

"అంటే?"

"మీరెవరూ ఆ దేశం చూడలేదు కదండి. వాళ్ళెలా ఉంటారో మీకు తెలీదు. నాకు రెండు నెలలు పోయాయి. మా పిన్ని కొట్టు దెబ్బతింది. అడిగారు కాబట్టి చెప్పానండి."

రుక్మాంగదంగారు కలం మూత తీశారు. "అభ్యర్థిని యందు వినయము లోపించినది. అనుత్తీర్ణురాలు."

"మొదటిసారి మొహమాటం ఉందని ఫెయిల్ చేశారు కదండి?" అంది హైమ.

"విదేశీయుల ఎదుట మొహమాటము ఉండరాదు. అధికారుల ఎదుట లేకుండుట తగదు. ఈ సూక్ష్మమును అభ్యర్థిని గ్రహింపలేదు" అన్నారాయన, కలం మూత పెడుతూ.

బయటకొచ్చాక హైమ మెట్ల మీద కూర్చుంది. ఏడవలేదు గానీ ఏడిస్తే బాగుండుననిపించింది నాకు. "ఇప్పుడు నేనెలా ఉండాలండి? ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగింది. "చూద్దాం" అందామని నోటిదాకా వచ్చి, బోధకుణ్ణి కదా అని మింగేశాను. ఆ మనిషికి నేను చెయ్యగలిగిందేమీ లేదని తెలిసి, జీతం తీసుకుంటున్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

మాన్యువల్ మాత్రం నా కంటే దయగలది. మూడో అవకాశం గురించి ఒక నిబంధన ఉంది. "తుది పరీక్ష సహజ వాతావరణమందు, అనగా అభ్యర్థి గృహమందు, భోజన సమయమున నిర్వహించవలెను." ఇంతవరకు ఎవరికీ మూడోసారి దాకా ఓపిక లేకపోవడంతో దాన్ని వాడే అవసరం రాలేదు. జులై మూడో వారంలో, మంగతాయారు ఇంట్లో, మధ్యాహ్నం పన్నెండున్నరకి అని తేదీ పడింది.

ఆ రోజు డైరెక్టరుగారూ రుక్మాంగదంగారూ కాకినాడలో పొద్దున్నే బయలుదేరారు. దారిలో జీపు టైరు పంక్చరైంది, మధ్యలో వాన. రాజోలు చేరేటప్పటికి ఒంటిగంట దాటింది. ఇద్దరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి. వసారాలో చాప పరిచి, అరిటాకులు కడిగి పెట్టి ఉన్నాయి. లోపల నుంచి పనసపొట్టు కూర వాసన వస్తోంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం, పచ్చికొబ్బరి పచ్చడి, రొయ్యల వేపుడు, గడ్డపెరుగు. ఇవన్నీ నాకెలా తెలుసంటే, నేను పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాను, ఒకసారి వద్దన్నాను కూడా.

హైమ గుమ్మంలోకి వచ్చి నమస్కారం పెట్టింది. "భోంచేస్తారా అండి?"

డైరెక్టరుగారి చెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది. "అబ్బే, ఎందుకమ్మా మీకు శ్రమ. ఇప్పుడే తినొచ్చాం."

"మీరండి?"

"అవసరము లేదు" అన్నారు రుక్మాంగదంగారు, ఆకు వైపు చూస్తూ.

"సరేనండి" అంది హైమ. రెండాకులు ఎత్తి లోపల పెట్టేసింది. మిగతా రెండాకుల ముందు తనూ పిన్నీ కూర్చుని వడ్డించుకున్నారు.

పరీక్షాధికారులు ఎదురుగా కుర్చీల్లో కూర్చున్నారు. సహజ వాతావరణంలో పరిశీలించాలని వాళ్ళే రాసుకున్నారు, కాబట్టి లేచి పోవడానికి లేదు. వేడి అన్నంలో ముద్దపప్పు కలుపుతుంటే నెయ్యి వాసన వచ్చింది. డైరెక్టరుగారు కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసుకున్నారు, తీసేశారు, మళ్ళీ వేసుకున్నారు.

"పనసపొట్టులో ఆవ పెట్టారా అమ్మా?" అన్నారు చివరికి, పాలనాపరమైన ఆసక్తితో.

"పెట్టామండి."

"ఘాటుగా ఉందా?"

"బాగుందండి" అని ఇంకో ముద్ద కలుపుకుంది హైమ.

కాసేపయ్యాక రుక్మాంగదంగారు గొంతు సవరించుకున్నారు. "కొన్ని కొన్ని ప్రాంతములలో, వ్యవహారమునందు, రెండవ పర్యాయము అడుగుట కూడ ఒకప్పుడు ఆమోదయోగ్యమే..."

"మాన్యువల్లో లేదు కదండి" అంది హైమ. చాలా మర్యాదగా అంది. ఆ మాన్యువల్ ఆయన రాసిందే.

మంగతాయారు ఆకులోంచి తల ఎత్తలేదు. ఆవిడ చేతిలో ముద్ద అలాగే ఉంది, నోటికి పోవడం లేదు. ఆకలితో ఉన్న మనుషులు ఎదురుగా ఉంటే ఆవిడకి అన్నం దిగదు. అయినా ఆ పిల్ల కోసమని ఒక్కో ముద్దా మింగింది. నిజమైన పరీక్ష ఎవరు రాస్తున్నారో ఆ రోజు నాకు అర్థమైంది.

పెరుగన్నం అయ్యాక హైమ చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా నిలబడింది. "పరీక్ష అయిందాండి?"

"ఊఁ" అన్నారు డైరెక్టరుగారు నీరసంగా.

"సర్టిఫికెట్ ఇస్తారా అండి?"

ఆ ప్రశ్నకి ఏం చెప్పాలో వాళ్ళిద్దరూ కాకినాడలోనే అనుకుని వచ్చారు. నాకు ముందే తెలుసు. పోయినసారి హైమ అన్న మాటలు ఆఫీసులో ఇంకా నడుస్తున్నాయి. ఫెయిల్ చేసిన కాగితం టైపు చేసి సంచిలో ఉంది, మర్నాడు పోస్టులో పడుతుంది.

"చూద్దాం అమ్మా" అన్నారు డైరెక్టరుగారు.

"చూద్దాం అనేది జవాబు కాదని మీరే నేర్పారు కదండి. ఇస్తారా, ఇవ్వరా?"

డైరెక్టరుగారు రుక్మాంగదంగారి వైపు చూశారు. రుక్మాంగదంగారు వాన వైపు చూశారు. మంగతాయారు ఎంగిలి చేత్తోనే లేచి వచ్చి తలుపు పక్కన నిలబడింది.

"ఇవ్వను అనండి సార్, అయిపోద్ది" అంది హైమ. "నాకు తెలిస్తే నేను ఇంకో దారి చూసుకుంటానండి. ముఖం మీద చెప్పెయ్యండి."

డైరెక్టరుగారి నోరు తెరుచుకుంది. ఆ మాట బయటకి రావడానికి ప్రయత్నించింది కూడా, గొంతు దగ్గర కదలడం నేను చూశాను. ఎదురుగా ఒక ఆడపిల్ల. ఆమె ఇంటి వసారా. గుమ్మంలో ఆమె పిన్ని. ఇంతమందిని పెట్టుకుని 'ఇవ్వను' అని ఎలా అంటారు? సర్వీసులో ఎన్నడూ అనని మాట, రిటైరయ్యే ముందు, అదీ ఖాళీ కడుపుతో. ఆయన ముఖం ఎర్రబడి, చెమట పట్టి, చివరికి మంచుగడ్డ కరిగినట్టు కరిగిపోయింది.

"అబ్బే, అలా అంటానా తల్లీ" అన్నారు. "కలం ఉందా ఎవరి దగ్గరైనా?"

నా దగ్గర ఉంది, అచ్చు పత్రమూ ఉంది. "కడలి హైమ అను అభ్యర్థినికి ఎటువంటి మొహమాటమూ లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది" అని ఉన్న పత్రం కింద, ముఖం మీద కాదనలేక, డైరెక్టరుగారు సంతకం పెట్టారు. రుక్మాంగదంగారు కూడా, పక్కాయన పెట్టాక తను పెట్టకపోతే బాగుండదని, పెట్టారు. జీపెక్కేటప్పుడు ఇద్దరూ ఒకసారి వెనక్కి తిరిగి చూశారు. మంగతాయారు నిబంధన ప్రకారం తలుపు వేసేసింది. తలుపు వెనక ఆవిడ ఏడుస్తూ నవ్వుతూ హైమని కావలించుకుందని నేను చెప్పగలను, నేనింకా లోపలే ఉన్నాను.

తర్వాత ఆఫీసులో ఈ విజయాన్ని ఘనంగా జరుపుకున్నారు. శాఖ చరిత్రలో మూడు అవకాశాలూ వాడుకుని ఉత్తీర్ణురాలైన తొలి అభ్యర్థిని అని హైమ ఫోటో హాల్లో పెట్టారు. మూడో పరీక్ష నిబంధనకి మాత్రం ఒక చిన్న సవరణ వచ్చింది. "పరీక్షాధికారులు భోజనానంతరము మాత్రమే హాజరు కావలెను."

హైమ వెళ్ళే రోజున నేను రాజోలు వెళ్ళాను. ఎందుకెళ్ళానో ఫైల్లో రాయడానికి కారణం దొరకలేదు, సెలవు పెట్టి వెళ్ళాను. పెట్టెలు ఆటోలోకి ఎక్కించి ఉన్నాయి. హైమ కొత్త స్వెటర్ చేతి మీద వేసుకుని, ఈ ఎండలో దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక తిరుగుతోంది. నన్ను చూసి ముఖం విప్పారింది.

"సార్! భోంచేస్తారా?"

"వద్దమ్మా, ఇప్పుడే తిన్నాను" అన్నాను.

అన్న తర్వాత తెలిసింది ఏమన్నానో. ఇన్ని నెలలు పాఠం చెప్పినవాణ్ణి నేను. లోపల పనసపొట్టు కూర వాసన.

హైమ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. పెదాలు కదిలాయి. ఇంకోసారి అడగబోతోందనే అనుకున్నాను, దేవుడి దయ వల్ల అడుగుతుందనుకున్నాను. "సరే సార్" అంది. పిన్నిని కావలించుకుంది, నాకు చెయ్యి ఊపింది, ఆటో ఎక్కింది. మేం నేర్పినట్టే గుమ్మం దగ్గర అరగంట కాదు కదా, అర నిమిషం కూడా ఆలస్యం చెయ్యలేదు. ఆటో బస్టాండు మలుపు తిరిగింది. ఆ చలిదేశంలో, నలుగురు మనుషుల దగ్గర కూర్చుని, ఒక్కొక్కరినీ ఒక్కొక్కసారే అడుగుతుంది కాబోలు.

వీధిలో ఎవరూ నన్ను "ఎక్కడికి బాబూ?" అనలేదు. ఎదురింటి హెడ్మాస్టరుగారు కిటికీలోంచి చూసి, పలకరించకుండా పేపరు తిప్పుకున్నారు. ఆ వీధిలో నన్ను రెండోసారి అడిగే మనిషి లేకుండా చేసింది నేనే. ఫెర్రీ దగ్గర ఇడ్లీలు ఉంటాయా లేదా అని ఆలోచిస్తూ మెట్లు దిగబోయాను.

వెనక నుంచి నీళ్ళ చప్పుడు వినిపించింది. మంగతాయారు వసారాలో అరిటాకు కడుగుతోంది. చాప మీద పరిచింది. అన్నం పెట్టింది, పప్పు, నెయ్యి, కూర వరసగా వేసింది. తింటారా అని మాత్రం అడగలేదు. నా చెయ్యి అలవాటు కొద్దీ ఆకు మీదికి అడ్డంగా వెళ్ళబోయింది.

"చెయ్యి తియ్యండి" అంది. "రెండోసారి అడక్కూడదన్నారు గానీ, పెట్టకూడదని అన్లేదు కదండి."

కూర్చున్నాను. ఆవిడ ఇంకో గరిటె పనసపొట్టు వేసింది, ఆ మీద ఇంకో గరిటె. అది కొసరు. దాని మీద నోటీసు ఇవ్వాలి. కాగితాలు జేబులోనే ఉన్నాయి, కానీ చెయ్యి ఎంగిలి.